ఎడమ తొడ

చలివాగు ఒడ్డున మూడోనాడు
బూడిదల బొక్కలు ఏరుతుంటే
వేలికేదో కుచ్చుకున్నది.
ఆడిపిల్ల అంటొద్దన్నరు.
కొడుకుల్లేని ఇంట్ల ఇంకెవరంటాలె?
బొక్క కాదది,
పెసరగింజంత ఇనుపముక్క.
దాని పక్కన ఇంకోటి, కందిగింజంత.
నల్లబడ్డయి గని కరగలేదు.
పాలతోని కడిగి
బాపు జర్ద డబ్బిల ఏసుకొని ఇంటికొచ్చిన.

పిట్ట ఎంబడే ముట్టింది.
ముద్ద పెట్టి ఇట్ల మర్లినమో లేదో
కాకి వచ్చి వాలింది.
ఓదేలుకు కోరికలేం మిగల్లేదన్నరు అందరు.

బాపు సుబేదారు కాలేదు.
నేను మాత్రం సుబేదారిల
సైనిక సంక్షేమ ఆఫీసు మెట్లు అరగదీసిన.
గుమాస్త డిస్చార్జి బుక్కు తిప్పి చదివిండు.
పేరు: ఓ. దేలు.
ఓదెల మల్లన్న మొక్కుతోని పెట్టిన పేరును
నడుమ చుక్క పెట్టి ఎవడో రెండు తుకుడలు చేసిండు.
యుద్ధంలో గాయాలు: లేవు.
డబ్బి మూత తీసి చూపిచ్చిన.
చానాసేపు చూసిండు, ముట్టుకోలే.
"ఇనుమును ఫైల్ల కుట్టరాదమ్మా, కాయితం తే."

నేను కండక్టరును.
హన్మకొండ డిపో, భూపాలపల్లి రూటు.
ఒక్క టికెట్టు తేడా వస్తే
రేగొండ కాడ బస్సాపి నా సంచి బోర్లిస్తరు.
తొడల ఇనుము పెట్టుకొని
నలభై ఎనిమిదేండ్లు నడిచిన మనిషి లెక్క
ఎవ్వని సంచిల తప్పినట్టు?

పాత ఫొటో ఎనుక ఒక ఊరి పేరుంటే
ఆ ఊరి పోస్టుమాస్టరుకు ఉత్తరమేసిన.
నెల దాటినంక ఫోను,
బొబ్బిలి దిక్కు నుంచి, తవిటినాయుడు.
"చీకట్లో మైన్లు ఏరుతున్నాం తల్లీ,
ట్యాంకులు ఎనకాల ఆగిపోయున్నాయి.
పక్కోడు కాలేసినాడు. ఆడు లేడు.
మీ నాన్నకి తొడలో దిగింది.
కట్టు నేనే కట్టినాను.
తెల్లారేదాకా కుంటుకుంటూ ఏరతానే ఉన్నాడు."
కొద్దిసేపు ఒట్టి ఊపిరే వినొచ్చింది.
"రాయించొద్దన్నాడమ్మా.
గాయమని రాస్తే ఇంటికి పంపేస్తారు,
ఇంటికాడ ఏముంది నాయుడూ, అప్పు తప్ప, అన్నాడు.
డాక్టరుకి జొరమని చెప్పినాం."

అయితే ఆ 'లేవు'
గుమాస్త రాసింది కాదు.
అది బాపు చెప్పిన మాట.

ఆ రాత్రి డ్యూటీ దిగి అవ్వను అడిగిన.
"చలికాలం గుంజుతుందంటే ఆముదం రాసేదాన్ని.
చేతికి గట్టిగ తాకేది.
చిన్నప్పటి రేగుముల్లన్నడు.
ముల్లు గట్లుంటదా?
నేను మల్ల అడగలే."

దరఖాస్తు పదిరోజులు
చిల్లర సంచి అడుగున్నే పడున్నది.
కాకి ఊకె యాదికొచ్చేది.
కోరిక బాపుది కాదు, నాదే.
ఆయన దాసుకున్నదాన్ని
నేనెందుకు ఆఫీసుల ముంగట పరవాలె?
కాని ఆ అబద్ధమే నెల నెల జీతమయ్యింది,
మనియార్డరయ్యింది,
నా పదో తరగతి ఫీజయ్యింది.
నన్ను చదివిచ్చిన అబద్ధాన్ని
నేనే కొట్టేయాలె.
పదకొండోనాడు పోస్టు డబ్బ నోట్ల కవరు పెట్టుకుంట
పైకే అన్న:
ఇగ గడువు తీరింది బాపూ,
ఇప్పుడు నిన్ను ఎవ్వరు ఇంటికి పంపరు.

నాలుగు ఉత్తరాలు, రెండు అఫిడవిట్లు.
నడుమల తవిటినాయుడు పోయిండు,
ఆయన వేలిముద్ర మాత్రం నా ఫైల్ల మిగిలింది.
రెండేండ్లకు రిజిస్టరు పార్సిలొచ్చింది.
గాయపడ్డోళ్లకిచ్చే పతకం, పట్టీతోని.
ఎంబడి ఒక కాయితం.
అవ్వ పతకం దిక్కు చూడలే.
"ఏ తొడ అని రాసిండ్రు?"
"ఎడమ."
"సక్కగనే రాసిండ్రు" అని
పొయ్యి కాడికి పోయింది.
అన్నం మాడు వాసనొస్తుంది అప్పటికే.

పేరు మాత్రం ఇంకా ఓ. దేలే.
సోమవారం నాకు వీక్లీ ఆఫు.
చుక్క తియ్యమని
ఇంకో దరఖాస్తు రాసి పెట్టిన.